ఒక్క సమ్మక్క కూడా తప్పిపోలేదా?

కిందటి వారం మనం ప్రవళికను జాతర గుడారంలో ల్యాప్‌టాప్ ముందు, నోరు తెరిచింది తెరిచినట్టే వదిలేసి వచ్చాం. మీరు వారం రోజులు ఓపిక పట్టారు గానీ, ఆ పిల్ల నోరు మాత్రం ఇంకా మూతపడలేదు.

ఆ సంగతి గుర్తు చేస్తాను. మొగుళ్లపల్లి దాటాక వాగు ఒడ్డున జరుగుతున్న చిన్న సమ్మక్క జాతర అది. తొర్రూరులో ఎరువుల దుకాణం పైన ఆఫీసు పెట్టుకున్న సురేందర్, ప్రశాంత్, ప్రవళిక కలిసి, జాతరలో తప్పిపోయినవాళ్లను వెతికిపెట్టే యాప్ తయారుచేశారు. జాతరకు వచ్చే నాలుగు దారుల్లో నాలుగు గుడారాలు వేశారు. దారితప్పిన మనిషి కనిపిస్తే అక్కడి వలంటీరు ఫోటో తీసి, పేరు, ఊరు ఎక్కిస్తాడు. ఇంటివాళ్లు అమ్మవార్ల గద్దెల పక్కనున్న నడిమి గుడారానికి వచ్చి పేరు చెబితే, ఆ మనిషి ఏ గుడారంలో ఉందో యాప్ చూపిస్తుంది. ప్రశాంత్ మైకులో చదివే పేర్లు కూడా ఆ యాప్ చూపించినవే.

పొద్దున మంగమ్మ అనే ఆమె ఏడుస్తూ వచ్చింది. ఆమె తల్లి సమ్మక్కకు షుగరు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేశారు. మొక్కు చెల్లించాకే తింటానని ముసలామె బుక్క అన్నం ముట్టలేదు. కొబ్బరికాయల దుకాణం దగ్గర చెయ్యి వదిలింది, అంతే, మళ్లీ కనిపించలేదు. సూది పడి, కడుపులో ఏమీ పడకపోతే ఆ ముసలిప్రాణం ఎంతసేపు నిలబడుతుంది? ప్రవళిక యాప్‌లో వెతికితే "ఈ పేరుతో ఎవరూ లేరు" అని వచ్చింది. మంగమ్మ వాగువైపు పరుగెత్తింది. మనసు ఊరుకోక ప్రవళిక జాబితా మొత్తం పైనుంచి కిందికి చూసింది. సారక్కలు ఉన్నారు, లచ్చమ్మలు ఉన్నారు, రాజవ్వలు ఉన్నారు.

సమ్మక్క జాతరలో ఒక్క సమ్మక్క కూడా లేదు!

"అన్నా," అంది ప్రవళిక.

సురేందర్ తల తిప్పలేదు. గార్ల దగ్గరి తండా నుంచి ఇంజినీరింగ్ చదివిన మొదటివాడు, హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి, మన దగ్గర మనమే ఏదో చేద్దామని తిరిగివచ్చినవాడు. అతను చెప్పిందే ఆ ఆఫీసులో శాసనం. ఆ శాసనాల్లో సరికొత్తది గుడారం గుంజకు అట్టముక్క మీద రాసి వేలాడుతోంది: "జాతర అయ్యేదాక కోడ్ ముట్టొద్దు."

"అన్నా, జర ఇటు రా."

"ఏంది? సర్వర్ పడ్డదా?"

"పడలే."

"పడకపోతే మంచిదే గదా. ఐలయ్య సారు ఇంకాసేపట్ల చుట్టుపక్కల జాతరల కమిటీలోళ్లను తోల్కొస్తుండు. వాళ్లకు నచ్చితే వచ్చే ఏడు అన్ని జాతరలు మనకే. అప్పటిదాక దాన్ని గట్లనే నడవనీ."

ఐలయ్య ఈ జాతర కమిటీ పెద్ద. ఊరందరినీ ఒప్పించి ఈ ముగ్గురికి గుడారం ఇప్పించినవాడు. ఆయన మాట పోకూడదన్నది సురేందర్ భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

ప్రవళిక ఫోన్ గుయ్యిమంది. తప్పిపోయిన మనిషిని ఇంటివాళ్లకు అప్పగించాలంటే ఇద్దరి సమ్మతి కావాలని యాప్‌లో నియమం పెట్టుకున్నారు. ఒకటి గుడారంలోని వలంటీరుది, రెండోది నడిమి గుడారంలో కూర్చున్న ప్రవళికది. ఫోన్‌కు వచ్చిన సందేశం మీద నొక్కితే ఫోటో, వివరాలు తెరుచుకుంటాయి. తెరవకపోయినా పక్కనే పచ్చగా "సరే" ఉంటుంది. ప్రవళిక కళ్లు ల్యాప్‌టాప్ మీదనే ఉన్నాయి. బొటనవేలు దాని పని అది చేసేసింది. పొద్దుటి నుంచి ఆ వేలికి అదే పని.

"అన్నా, పొద్దటిసంది ఒక్క సమ్మక్క తప్పిపోలే."

"మంచిదే గదా!"

"ఏం మంచిదన్నా! మా నాయినమ్మ పేరు సమ్మక్క. మా పెద్దమ్మ సమ్మక్క. బడిల వంటామె సమ్మక్క. మా ఊరి బస్సుల 'సమ్మక్కా' అని పిలిస్తే బస్సు బస్సంత తిరిగి చూస్తది. గింత జాతరల ఒక్కామె తప్పిపోకుంట ఎట్లుంటది?"

సురేందర్ ఇప్పుడు తల తిప్పాడు. "మా తండల ఒక్క సమ్మక్క గూడ లేదు," అన్నాడు, అదేదో జవాబైనట్టు. కానీ ఆ మాట అంటుండగానే అతని ముఖంలో రంగు కొంచెం మారింది. అది ప్రవళిక చూసింది.

ప్రవళిక కోడ్ తెరిచింది. ముట్టొద్దని రాసి ఉంది గానీ, చూడొద్దని రాయలేదు కదా. జాబితా చూపించే భాగంలోకి వెళ్లి, ఒక్కో లైను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఎంతోసేపు పట్టలేదు. అక్కడే ఉంది, పట్టపగలు నడిరోడ్డు మీద పడుకున్న బర్రెలాగా. ఆ లైను మొదలే ఇట్లా ఉంది: పేరు సమ్మక్క అయితే చూపించకు.

ఆ లైను అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే, తొర్రూరు ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఈ ముగ్గురు కొత్త యాప్ మొదలుపెట్టినప్పుడల్లా మొదటి రికార్డు అమ్మవారి పేరున ఎక్కిస్తారు. పేరు: సమ్మక్క. ఫోటో బదులు కుంకుమ భరిణె బొమ్మ. ఈ ఆచారం ప్రశాంత్ పెట్టింది. ఆ రోజు అగరుబత్తి కూడా వెలిగించి, దాని పొగకు మానిటర్ పాడవుతుందని సురేందర్ చేత తిట్లు తిన్నాడు. అయినా ఆచారం నిలబడింది. రైతుల యాప్‌కు అదే మొదటి రికార్డు, బడి పిల్లల హాజరు యాప్‌కు అదే మొదటి రికార్డు. ఈ యాప్‌కు మాత్రం సురేందర్‌కు ఒక ఆలోచన వచ్చింది. తప్పిపోయినవాళ్ల జాబితాలో తల్లి పేరు కనిపించడమేమిటి, తప్పు కదా? అందుకని ఆ పేరును దాచేశాడు. ఎంత భక్తి! ఆ భక్తికి జాతరకొచ్చిన సమ్మక్కలందరూ ఒక్క దెబ్బకు మాయమైపోయారు.

"అన్నా, గిది చూడు."

సురేందర్ వంగి చూశాడు. చూసి, నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ వంగి చూశాడు.

"గది మన పూజ రికార్డు కోసం రాసింది," అన్నాడు.

"పూజ రికార్డు ఒక్కటే పోలేదన్నా. అందరు పోయిండ్రు."

"ఇప్పుడు ముట్టొద్దు."

"అన్నా!"

"ముట్టొద్దన్న గదా ప్రవళికా! దాన్ని మారిస్తే సర్వర్ ఆపి లేపాలె. నాలుగు గుడారాలల్ల స్క్రీన్లు ఖాళీ అయితయి. మళ్ల లేవకపోతే? జాతర నడుమ? సమ్మక్కలను వేరే తీర్గ వెతుకుదాం. వలంటీర్లకు ఫోన్లు చేద్దాం."

"ఎవ్వరికి కలుస్తున్నయన్నా ఫోన్లు? టవరు జామైంది. మనం ఏసుకున్న వైఫై మీద మన యాప్ ఒక్కటే నడుస్తున్నది. అవుతల మంగమ్మక్క వాళ్లవ్వ సూది ఏసుకొని అన్నం తినలే."

"నాకు తెల్వదా?" సురేందర్ గొంతు లేచింది. మైకు దగ్గరున్న ప్రశాంత్ వెనక్కి తిరిగి చూశాడు. సురేందర్ తనింటి భాషలో ఏదో గొణుక్కుని, మళ్లీ తెలుగులోకి వచ్చాడు. "ఇప్పుడా చెప్పుడు? ఇది నేను రాసి నెల దాటింది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరే అంటేనే లైవ్‌లకు పోవాలె అని రూలు పెట్టిందే నేను. మరి దీన్ని చదివిందెవరు? సరే అన్నదెవరు?"

ప్రవళికకు తెలుసు. అయినా అతను ఆ పాత పేజీ తెరుస్తుంటే ఆపలేకపోయింది. సురేందర్ రాసిన కోడ్, దాని కింద పచ్చటి గుర్తు, పక్కన పేరు: ప్రవళిక. ఆమె రాసిన మాట: "సూపర్ అన్నా." ఆ మాట పక్కన దండం పెడుతున్న చేతుల బొమ్మ.

ప్రవళికకు చెవులు వేడెక్కాయి. నేల చీలితే బాగుండుననిపించింది. ఎవరిదో తప్పని అరవబోయి తన తప్పే దొరికితే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. పైగా ఆమెది మామూలు తప్పు కాదు. ప్రశాంత్‌కు తట్టకపోవచ్చు, సురేందర్‌కు తట్టకపోవచ్చు. సమ్మక్క మనుమరాలైన ఆమె ఆ లైను మీద ఒక్కసారి కన్ను వేసి ఉంటే, అక్కడికక్కడే నవ్వి, "ఏందన్నా గిది, మా నాయినమ్మ తప్పిపోతే ఎట్ల?" అని ఉండేది.

"చదవలేదన్నా," అంది.

"ఏంది?"

"నేను చదవలే." ఫోన్ మళ్లీ గుయ్యిమంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, వంచిన తల ఎత్తకుండానే బొటనవేలితో "సరే" నొక్కేసి ఫోన్ బోర్లించింది. "నువ్వు రాసినవని ఓకే కొట్టిన. గిదొక్కటే గాదు. నువ్వు రాసినవి ఏవీ నేను చదవలే. ప్రశాంతన్న గూడ చదవడు. అడుగు కావాలంటే."

ప్రశాంత్ మైకు ఆపేసి, చాలా శ్రద్ధగా దాని వైరు సరిచేయడం మొదలుపెట్టాడు.

"ఎందుకు?" అన్నాడు సురేందర్.

"ఎందుకేందన్నా? నువ్వు మాకు నేర్పినోడివి. జనగామల డిగ్రీ అయి ఇంట్ల కూసున్న నాకు పని ఇచ్చినోడివి. నువ్వు రాసిన దాంట్ల తప్పులు వెతుకుతున్న అంటే… నిన్ను నమ్ముతలేను అన్నట్టు గాదా?"

ఆ ఆఫీసులో ఎవరూ పైకి అనని మాట అది. పెద్దవాళ్లు వడ్డించిన కూరలో ఉప్పు తక్కువైతే మనం కలుపుకుని తినేస్తాం, బాగుందని కూడా అంటాం. అది మర్యాద. ఆ మర్యాదనే ప్రవళిక కోడ్ దగ్గరికీ తెచ్చింది. హైదరాబాదు కంపెనీల్లో వయసుతో సంబంధం లేకుండా ఒకరి కోడ్‌లో ఒకరు ఎర్ర గీతలు గీసుకుంటారని సురేందర్ వాళ్లకు చాలాసార్లు చెప్పాడు. ఇద్దరూ తలలూపారు. తలలూపడం కూడా మర్యాదే.

సురేందర్ స్టూలు మీద కూలబడ్డాడు. కోపమొస్తుందని ప్రవళిక కాచుకుని ఉంది. కోపం రాలేదు. అంతకంటే కష్టమైనది వచ్చింది.

"ఆ లైను రాసేటప్పుడు నాకు జర అనుమానమైంది," అన్నాడు మెల్లగా. "పేరుతోని దాచుడు సరైన పద్ధతి గాదని తెలుసు. పొద్దుపోయింది, అలిసిపోయిన. తప్పైతే ప్రవళిక పట్టుకుంటది, ఆమెది గా సమ్మక్కల దిక్కే గదా అనుకున్న. తెల్లారి చూస్తే నువ్వు సూపర్ అన్నవ్. మస్తు సంబురపడ్డ తెలుసా?"

సురేందర్ ఆ పాత పేజీని మూసేశాడు.

"నా వెనక ఇద్దరున్నరనుకున్న. ఇన్ని దినాలు ఒక్కన్నే ఉన్ననా?"

ఆ మాటకు ప్రవళికకు తను చేసిందేమిటో అర్థమైంది. మర్యాద ఇచ్చాననుకుంది. నిజానికి ఆ మనిషిని ఒంటరిగా వదిలేసింది. అట్లా అని ఏడుస్తూ కూర్చునే సమయమా ఇది? గుడారం తడక పక్కకు నెట్టుకుని మంగమ్మ లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి. వాగంతా తిరిగి వచ్చినట్టుంది.

"దొరికిందా బిడ్డా?"

ప్రవళిక సురేందర్ వైపు చూసింది. అతను లేచాడు. గుంజకు వేలాడుతున్న అట్టముక్కను పట్టి లాగి, తడక సందులోంచి బయటికి విసిరేశాడు.

"ముట్టొద్దు లేదు గిట్టొద్దు లేదు. రాయి."

"నేనా?"

"నువ్వే రాయి. నేను చదువుత. ప్రతి అక్షరం చదువుత. తప్పుంటే తప్పంట. నువ్వు ఏడ్చినా సరే, చదవకుంట నేను సరే అనను."

ప్రవళిక వేళ్లు పరుగెత్తాయి. చెప్తే నమ్మరు గానీ, ఆ పిల్లకు అప్పుడు భయం లేదు. పండుగలాంటి హుషారు వచ్చింది. ఇన్నాళ్లూ అన్న చెప్పింది టైపు చేసింది. ఇప్పుడు అన్న చూస్తుండగా, అన్న రాసింది కొట్టేస్తోంది! లైను మొత్తం ఎంచుకుని తుడిచేసింది. ఒకసారి చూసుకుంది. "అయిపోయిందన్నా," అని ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

సురేందర్ చదివాడు. పెదవులు కదుపుతూ, బడిపిల్లవాడు పాఠం చదివినట్టు చదివాడు. మంగమ్మ నిలబడలేక కింద కూర్చుంది. ప్రశాంత్ ఆమె చేతికి నీళ్ల సీసా ఇచ్చాడు. బయట డప్పులు మోగుతున్నాయి, పూనకం వచ్చిన శివసత్తుల కేకలు వినిపిస్తున్నాయి. సురేందర్ మాత్రం చదువుతూనే ఉన్నాడు.

"అన్నా, జల్దీ!"

"ఆగు." అతని వేలు స్క్రీన్ మీద ఆగింది. "లైను మొత్తం తీసేసినవా?"

"తీసేసిన."

"తప్పు."

"ఏంది తప్పు?"

"గా లైను రెండు పనులు చేస్తది. సమ్మక్కను దాస్తది, ఇంటోళ్లకు అప్పగించినోళ్లను గూడ దాస్తది. మొత్తం తీసేస్తే పొద్దటిసంది ఇంటికి చేరినోళ్లందరు మళ్ల తప్పిపోయినోళ్లల్ల కనబడ్తరు. ప్రశాంత్ వాళ్ల పేర్లన్ని మైకుల చదువుతడు. వాళ్ల చుట్టాలు మళ్ల ఉరికొస్తరు. జాతర ఆగమైతది."

ప్రవళిక తను తుడిచేసిన లైనును మళ్లీ చదివింది. నిజమే! తొందరలో రెండో సగం చూడనేలేదు. అయినా ఆ "తప్పు" అన్న మాట చెవికి ఎంత హాయిగా వినిపించిందో! ఆ ఆఫీసులో ఒకరితో ఒకరు ఆ మాట అనడం అదే మొదలు. తను రాసింది ఇంకో మనిషి నిజంగా చదివాడు. చదివితే ఇట్లా ఉంటుందా? ఇన్నాళ్లూ అన్నకు తను ఇవ్వనిది ఇదేనా?

"అప్పగించినోళ్లను దాచేది ఉంచుత," అంది గబగబా టైపు చేస్తూ. "పూజ రికార్డును పేరుతోని గాకుంట దాని నంబరుతోని దాస్త. మొదటి రికార్డు ఒక్కటే పోతది. సరేనా?"

"రాసి చూపియ్యి. నోటితోని గాదు."

రాసింది. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి తల ఊపలేదు. "సరే," అని పైకి అని, తన చేత్తో పచ్చ గుర్తు నొక్కాడు.

సరిగ్గా ఆ సమయానికే ఐలయ్య గుడారంలోకి అడుగుపెట్టాడు. తెల్ల అంగీ, భుజాన కొత్త తువ్వాల, వెనక కమిటీల పెద్దమనుషులు. "గిదే మన పిల్లల యాప్," అంటూ గుంజకు కట్టిన పెద్ద స్క్రీన్ వైపు చెయ్యి చూపించాడు.

స్క్రీన్ తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

"ఏమైంది బిడ్డా?" ఐలయ్య చూపించిన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"సారూ, మా కోడ్‌ల తప్పు దొరికింది," అన్నాడు సురేందర్. దాచలేదు, చుట్టూ తిప్పలేదు. "సరిచేస్తున్నం. జర ఆగుండ్రి."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఐలయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. సర్వర్ లేస్తోందో లేదో తెలియదు. గుండ్రటి గీత ఒకటి తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. మంగమ్మ రెండు చేతులూ జోడించింది. దండం దేవతకో, ఆ గుండ్రటి గీతకో ఆమెకే తెలియాలి.

టక్కున ఒక ముఖం వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, పళ్లు లేని నోరు. సమ్మక్క, చిట్యాల. దాని కింద ఇంకో ముఖం. సమ్మక్క, రేగొండ. ఆ కింద ఇంకొకటి, ఆ కింద మరొకటి. పొద్దుటి నుంచి నాలుగు గుడారాల్లో కూర్చుని "నన్ను అడిగెటోళ్లే లేరా?" అని ఎదురుచూస్తున్న సమ్మక్కలందరూ తోసుకుంటూ పైకి వస్తున్నారు. స్క్రీన్ నిండింది. మళ్లీ నిండింది.

"వారినీ!" అన్నాడు ఐలయ్య.

"చదువన్నా! మైకుల చదువు!" ప్రవళిక అరిచింది.

ప్రశాంత్ మైకు అందుకున్నాడు. "సమ్మక్క, చిట్యాల! సమ్మక్క, రేగొండ! సమ్మక్క, టేకుమట్ల!" ఊపిరి తీసుకోకుండా చదువుతున్నాడు. "సమ్మక్క! సమ్మక్క! సమ్మక్క!"

గద్దెల దగ్గర వరుసలో ఉన్న జనానికి ఇదంతా ఏం తెలుసు? మైకులో తల్లి పేరు అట్లా వరుసగా మోగేసరికి వాళ్లు జై కొట్టారు. డప్పులవాళ్లు జోరు పెంచారు. ప్రశాంత్ ఒక్కో పేరు చదవడం, వాగుదాకా ఉన్న జనం జై అని ఊగిపోవడం. శివసత్తు ఒకామె జుట్టు విరబోసుకుని గుడారం ముందుకే వచ్చేసింది. ఆ కేకల మధ్య నుంచే కొడుకులు, కోడళ్లు, మనుమలు "మాదే! మా అవ్వే!" అంటూ ఉరికొచ్చారు. ఒకాయనైతే చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తాడు. సురేందర్ నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. రెండూ ఒకేసారి చేస్తున్నాడు. కమిటీల పెద్దమనుషుల్లో ఒకాయన వాళ్ల అత్త ముఖం స్క్రీన్ మీద చూసి, యాప్ సంగతి మరిచిపోయి గుడారం దాటి పరుగు తీశాడు. ఆ దృశ్యం చూడటానికి మీరక్కడ లేకపోతిరి!

"మా అవ్వేది బిడ్డా?"

మంగమ్మ స్క్రీన్‌కు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి ఉంది. ప్రవళిక ఒక్కో ఫోటో జరిపింది. మంగమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకోటి. కాదు. ఇంకోటి. కాదు. చివరి ఫోటో కూడా అయిపోయింది. మంగమ్మ గుంజను పట్టుకుంది.

"జర ఆగక్కా. పరేషాన్ గాకు," అన్నాడు సురేందర్. "వీళ్లు ఇంక గుడారాలల్ల ఉన్నోళ్లు. అప్పగించినోళ్లల్ల చూద్దాం. మీ ఇంటోళ్లు ఎవరన్న వచ్చి తోల్కపోయిండ్రేమో." ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని, అప్పగింతల పేజీ తెరిచాడు.

మొదటి ఫోటో. ఆకుపచ్చ రవిక, ముక్కుకు రెండువైపులా పుడకలు, కళ్లలో కొంచెం మబ్బు.

"అవ్వా!" మంగమ్మ కేక గుడారం దాటింది. "మా అవ్వే! గిదే మా అవ్వ!"

ప్రవళిక ఎగిరి గంతేసినంత పని చేసింది. మంగమ్మ భుజాలు పట్టుకుని ఊపేసింది. "చెప్పలేదా అక్కా? రేగొండ దారి గుడారంల దొరికింది. మీవోళ్లకే అప్పజెప్పిండ్రు. ఇప్పుడే, జరసేపాయె. మీ బండి కాడ కూసోని అన్నం తింటుంటది!"

"ఎవరికి అప్పజెప్పిండ్రు బిడ్డా?"

సురేందర్ చదివాడు. "కొడుకు తోల్కపోయిండు అని రాసున్నది."

మంగమ్మ ముఖంలోని వెలుగు ఆరిపోయింది. ఆమె ఒకసారి సురేందర్‌ను, ఒకసారి ప్రవళికను చూసింది.

"మా అవ్వకు కొడుకుల్లేరు," అంది. "నేనొక్కదాన్నే."

బయట జనం ఇంకా జై కొడుతూనే ఉన్నారు. ప్రవళిక ల్యాప్‌టాప్ మీదికి వంగింది. అప్పగించిన సమయం చూసింది. తను తల వంచుకుని సురేందర్ ముందు నిలబడి, "చదవలేదన్నా" అని ఒప్పుకుంటున్న సమయమే అది. మొదటి సమ్మతి, రేగొండ దారి గుడారం వలంటీరుది. దాని కింద రెండో సమ్మతి. ఆ పచ్చ గుర్తు పక్కన ఉన్న పేరు చదవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. సురేందర్ చదివాడు, ఈసారి కూడా ప్రతి అక్షరం.

"ప్రవళిక."